తిన్నింటి వాసాలు లెక్కపెట్టే హక్కు

దానాన్ని గురించి భారతీయ ధర్మగ్రంథాలు చేసిన చర్చలో అధిక భాగం పుచ్చుకొనేవాడి యోగ్యత చుట్టూ తిరుగుతుంది. ఎవరికి ఇస్తే సార్థకం, ఎవరికి ఇస్తే వ్యర్థం అన్న విచారణకు ‘పాత్రత’ అన్న మాట ఇరుసు వంటిది. పోసినదాన్ని నిలుపుకోగల గిన్నె వంటివాడు పాత్రుడు, చిల్లుగిన్నె వంటివాడు అపాత్రుడు. ‘అపాత్రదానం’ అన్న మాట తెలుగులో నేటికీ నిందగా వినిపిస్తుంది గాని, ఇచ్చేవాడే అనర్హుడైతే ఆ దానాన్ని ఏమనాలో చెప్పే మాట వాడుకలో లేదు. దుష్టుడైన రాజు నుంచి పుచ్చుకోరాదని స్మృతులు హెచ్చరించిన మాట నిజమే అయినా, ఆ హెచ్చరిక పుచ్చుకొనే పండితుడి తేజస్సు చెడకుండా ఉండడం కోసం చేసినది. వద్దని లేచి వెళ్లిపోగల స్వేచ్ఛ అతనికి ఉందన్న నమ్మకం దాని వెనక ఉంది. వద్దనే స్వేచ్ఛ లేనివాడు, ఆకలిగొన్నవాడు, అందునా పదేళ్ల పిల్లవాడు చేయి చాచినప్పుడు ఇచ్చేవాడి పాత్రతను ఎవరు పరీక్షించాలి? సహాయ సంస్థల పనిలో పిల్లల భద్రత అనే ఆధునిక సమస్య ఈ పాత ఖాళీలోనే పుట్టింది.

ముందుగా రెండు భావనలను విడదీసి చూడవలసి ఉంది. ‘బాలల రక్షణ’ అంటే ఇంట్లో, వీధిలో, పనిచోట పిల్లలకు వాటిల్లే హాని నుంచి వారిని కాపాడడం. బాల్యవివాహాన్ని ఆపడం, కూలికి వెళ్తున్న పిల్లను బడిలో చేర్చడం దీని కిందికి వస్తాయి. సహాయ సంస్థలు గడచిన పాతికేళ్లుగా దీనికి తోడు మరొక బాధ్యతను గుర్తించాయి: తన సిబ్బంది వల్ల, కార్యకర్తల వల్ల, చూడవచ్చే దాతల వల్ల, చివరకు తాను నడిపే కార్యక్రమాల తీరు వల్ల పిల్లలకు హాని కలగకుండా సంస్థ తనను తాను కట్టడి చేసుకోవడం. ఈ రెండోదాన్ని ఇక్కడ ‘పరిరక్షణ’ అని పిలుద్దాం. మొదటిదానిలో సంస్థ రోగిని పరీక్షించే వైద్యుడు. రెండోదానిలో తన చేతుల నుంచే రోగం అంటుకోవచ్చునన్న ఎరుకతో, రోగిని తాకే ముందు చేతులు కడుక్కొనే వైద్యుడు.

ఈ ప్రశ్నను అనంతపురం పీఠభూమి మీద నిలబెట్టి చూడడానికి తగిన కారణం ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకోగా, ఈశాన్య రుతుపవనాల వాన తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడిపోగా, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, ఎర్రనేలల్లో వేరుశనగను నమ్ముకొని బతికే ఈ ప్రాంతం దేశంలోని అత్యల్ప వర్షపాత ప్రాంతాల్లో ఒకటిగా పేరుపడింది. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడివడినా, కరువుకు ఆ సరిహద్దు లేదు. పంట ఎండిన ఏడు తల్లిదండ్రులు బేల్దారి పనులకు బెంగళూరు వెళ్లిపోతే పిల్లలు అవ్వాతాతల దగ్గరో హాస్టళ్లలోనో మిగులుతారు. అంటే కరువు పిల్లవాడి కంచంలో అన్నాన్ని తగ్గించడంతో ఆగక, అతని చుట్టూ ఉండవలసిన పెద్దల్లో తనవారిని తగ్గించి పరాయివారిని పెంచుతుంది. బియ్యమిచ్చేవారు, పుస్తకాలిచ్చేవారు, మందులిచ్చేవారు, రాత్రి తలుపు గడియ వేసేవారు అందరూ ఏదో ఒక సంస్థ మనుషులే అవుతారు.

ఈ సంబంధం నిన్నమొన్నటిది కాదు. అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న 1876-78 నాటి మహాకరువులో అనాథలైన పిల్లలు సర్కారు సహాయ శిబిరాల్లోకీ, మిషనరీల ఆశ్రమాల్లోకీ చేరారు. వారికి అన్నం పెట్టినవారికి వారి మతాన్ని, పేరును, భవిష్యత్తును నిర్ణయించే అధికారం కూడా ఉంటుందా అన్న వివాదం అప్పుడే తలెత్తింది. 1952 నాటి రాయలసీమ కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడ్డ తరం ఈ నేల జ్ఞాపకంలో ఉంది. ఆ తరువాత 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురానికి వచ్చారు. 1920లో బార్సిలోనాలో పుట్టి, జెసూట్ సంఘంలో చేరి, 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చిన ఆయన, తిరిగి వచ్చి ఇక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పారు. 1970లో జెసూట్ సంఘాన్ని వీడి యాన్ పెర్రీని వివాహమాడారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. ఊరూరా బడులు, పక్కా ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి, వికలాంగ బాలలకు వసతి పాఠశాలలు ఆ ట్రస్టు పనికి ఆనవాళ్లు. స్పెయిన్‌లోని వేలాది కుటుంబాలు ఒక్కొక్క పిల్లనో పిల్లవాడినో పేరుతో ఎంచుకొని నెలనెలా కొంత మొత్తం పంపే పద్ధతి దీనికి వెన్నుదన్ను. ఆ సొమ్ము పిల్లవాడి చేతికి రాక, ఊరి ఉమ్మడి పనులకు చేరుతుంది.

ఇక్కడి ప్రశ్న ఏ ఒక్క సంస్థ తప్పొప్పులకూ సంబంధించినది కాదు. ఆ సంబంధం స్వభావానికి సంబంధించినది. ఒక పిల్లను పేరుతో ఎంచుకొని పోషించడాన్ని స్పానిష్ భాషలో ‘అపాద్రినార్’ అంటారు. తండ్రి అనే మాటలోంచి పుట్టిన క్రియ అది, పోషించే దాత అక్కడ ‘పాద్రినో’, అంటే జ్ఞానతండ్రి. అనంతపురం పల్లెల్లో ఫెర్రర్ మతాధికారి హోదాను వదులుకొన్న దశాబ్దాల తరువాత కూడా జనం ఆయనను ‘ఫాదర్’ అనే పిలిచారు. రెండు భాషలూ, రెండు వేల కోసుల దూరం నుంచి, ఒకే పని చేశాయి: ఇచ్చేవాడిని బంధువును చేశాయి. బంధుత్వంలో ప్రేమ ఉంది గనుక పోషణ భిక్షగా మారకుండా నిలిచింది. అయితే బంధుత్వంలో అధికారం కూడా ఉంది గనుక, ప్రశ్నించడం ద్రోహంగా మారే ప్రమాదమూ దానితోపాటే వచ్చింది.

ఆ ప్రమాదానికి తెలుగులో ఒక పలుకుబడి సిద్ధంగా ఉంది. అన్నం పెట్టినవారి మీద వేలెత్తి చూపినవాణ్ణి ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు’ అంటారు. పెట్టినది తిని, వెల్లకిలా పడుకొని, పైకప్పు దుంగలను ఒకటి రెండు అని ఎంచుతున్న అతిథి బొమ్మ అందులో ఉంది. అతడికి ఇంటి మీద కన్నుపడిందన్నది ధ్వని. పెద్దవారి మధ్య ఈ మాట న్యాయమే కావచ్చు. అయితే హాస్టల్లో చదువుకొనే పన్నెండేళ్ల పిల్లకు ఆ ఇంట్లోనే, ఆ పెట్టిన చేతి వల్లనే హాని జరిగినప్పుడు ఆ పలుకుబడి ఆమె నోటికి తాళమవుతుంది. ‘ఆ సారు లేకపోతే నువ్వు శనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేదానివి’ అన్న మాట బయటివారు అననవసరం లేదు; ఆమె తల్లి అనవచ్చు, చివరకు ఆమె తనకు తానే చెప్పుకోవచ్చు. ప్రతిఫలాన్ని ఆశించి ఇచ్చే దానం రాజసమని భగవద్గీత పదిహేడో అధ్యాయం వర్గీకరించింది. ఆ కొలతతో చూస్తే, పిల్లల మౌనాన్ని కృతజ్ఞతగా స్వీకరించే సంస్థ తనకు తెలియకుండానే దానానికి వెల కట్టించుకొంటున్నట్టు. ఆ వెల చెల్లించేది అందరికన్నా పేదవాడు.

మత సంప్రదాయాలను జాగ్రత్తగా చదివితే, పిల్లల విషయంలో అవి దానం పరిభాషను పక్కనబెట్టి మరొక పరిభాషను ఎంచుకొన్నట్టు కనిపిస్తుంది. అది ‘నిక్షేపం’ పరిభాష. నిక్షేపం అంటే నమ్మి దాచమని ఒకరి చేతిలో పెట్టిన సొత్తు. దాని మీద దాచినవాడికి హక్కు ఉండదు, లెక్క చెప్పవలసిన బాధ్యత మాత్రమే ఉంటుంది. స్మృతికారులు లెక్కించిన పద్దెనిమిది వ్యవహార పదాలలో, అంటే న్యాయస్థానం విచారించదగిన వివాదాల వర్గాలలో, ఇదొకటి. తండ్రి లేని బాలుడి ఆస్తిని అతడు పెద్దవాడయ్యే వరకు రాజు కాపాడాలని మనుస్మృతి, ఊరిపెద్దలు దాన్ని వృద్ధిచేసి అప్పగించాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం విధించాయి. ఖురాన్ నాలుగో అధ్యాయం అనాథల సొమ్మును కాజేయడాన్ని కడుపులో నిప్పు నింపుకోవడంతో పోల్చడమే గాక, ఆ సొమ్మును తిరిగి అప్పగించేటప్పుడు సాక్షులను నిలబెట్టుకోమని ఆదేశించింది. సంరక్షకుడు ఎంత భక్తుడైనా సరే సాక్షి తప్పదన్నది అందులోని అంతరార్థం. చిన్నవారిలో ఒకరికి కీడు చేసేవాడు మెడకు తిరుగటిరాయి కట్టుకొని సముద్రంలో పడడమే మేలని చెప్పే సువార్తలో, ఏసు మాటల్లోకెల్లా కఠినమైనవి పిల్లల పక్షాన పలికినవే. ఈ అన్నిటిలోనూ పెద్దవాడు దాత కాడు, ధర్మకర్త. దాతకు పుణ్యం రావచ్చు. ధర్మకర్తకు వచ్చేది తనిఖీ.

దానం పరిభాషలోనే ఉండి ఇదే చోటికి చేరిన వాక్యం ఒకటి తైత్తిరీయోపనిషత్తులో ఉంది. చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు దానం చేసే విధం చెబుతూ, శ్రద్ధతో, సిగ్గుతో, భయంతో, వివేకంతో ఇమ్మంటాడు. ఇచ్చేవాడికి సిగ్గు ఎందుకు, భయం ఎందుకు అన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు అనేక సమాధానాలు చెప్పారు. ఇవ్వడం అనే చర్య ఇచ్చేవాడి చేతిని పైన, పుచ్చుకొనేవాడి చేతిని కింద ఉంచుతుందనీ, ఆ ఎత్తు అధికారంగా మారడానికి క్షణం పట్టదనీ ఎరిగినవాడికి కలిగే వణుకే ఆ భయమని కూడా చెప్పుకోవచ్చు. పరిరక్షణ నియమావళి అని నేటి సంస్థలు రాసుకొనేది ఈ భయానికి లిఖితరూపమే.

ఇచ్చేవాడి తప్పును పిల్లవాడు ఎత్తిచూపిన ఘట్టం కూడా ఉపనిషత్తుల్లో ఉంది. కఠోపనిషత్తులో తండ్రి యాగం చేసి, పాలుడిగి పనికిరాకుండా పోయిన ఆవులను దానమిస్తుంటే, చుట్టూ ఉన్న పెద్దలెవరూ మాట్లాడలేదు. బాలుడైన నచికేతుడు మాత్రం తనను ఎవరికి ఇస్తావని మూడుసార్లు అడిగాడు. తండ్రి జవాబు చెప్పలేదు, కోపగించుకొన్నాడు, మృత్యువుకిస్తానన్నాడు. దానగృహంలో తప్పును చూసిన పిల్లవాడికి సాధారణంగా దొరికే సమాధానం నేటికీ అదే: ప్రశ్న పక్కకు పోతుంది, అడిగినవాడు ఇంటి నుంచి పోతాడు. ఆపైన జరిగినది మరింత ఆలోచించదగినది. యముడి ఇంట మూడు రాత్రులు అన్నం లేకుండా ఉన్న బాలుణ్ణి చూసి యముడు నమస్కరించి, జరిగిన ఉపేక్షకు రాత్రికొక వరం చొప్పున ఇచ్చుకొన్నాడు. తన గడపలో పిల్లవాడికి జరిగిన లోపాన్ని, అడగకముందే ఒప్పుకొని, లెక్కకట్టి, పరిహారం చెల్లించినవాడు మృత్యుదేవత. ఇక నచికేతుడు కోరిన మొదటి వరం స్వర్గం కాదు, ఆత్మజ్ఞానం కాదు; తాను తిరిగి వెళ్లినప్పుడు తండ్రి కోపం లేకుండా తనను గుర్తించి మాట్లాడాలన్నది. ఫిర్యాదు చేసిన ప్రతి పిల్లవాడి మొదటి భయాన్ని, మొదటి కోరికను ఉపనిషత్తు ఆ ఒక్క వరంలో పట్టుకొంది.

మంచివాడిని ఎలా గుర్తించాలన్నది తరువాతి చిక్కు. కదిరి సమీపాన కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన, ఉప్పు కర్పూరాల పద్యంలో, చూపుకు ఒకేలా ఉండే రెంటిని రుచి వేరుచేస్తుందని నేర్పిన సంగతి ప్రతి తెలుగు బడిపిల్లకూ తెలుసు. పెద్దల లోకానికి ఆ సూత్రం చాలు. పిల్లల విషయంలో మాత్రం అది భయంకరంగా విఫలమవుతుంది. ఎందుకంటే ఇక్కడ రుచి చూసే నాలుక పిల్లదే అవుతుంది, చేదు తెలిసేసరికి హాని జరిగిపోయి ఉంటుంది. అందువల్ల పరిరక్షణ సూత్రాలు మనిషి మంచితనాన్ని కొలిచే ప్రయత్నాన్నే పక్కనబెట్టి, చెడ్డవాడికి కూడా అవకాశం దొరకని విధంగా పరిస్థితిని అమర్చమంటాయి: ఏ పెద్దవాడూ ఒక పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు, ఉద్యోగంలోకి తీసుకొనే ముందు పూర్వచరిత్ర విచారించాలి, దాత ఎంత దూరం నుంచి వచ్చినా సంస్థ మనిషి తోడు లేకుండా పిల్లను కలవరాదు, ఫోటో కింద ఇంటిపేరు, ఊరిపేరు ఉండరాదు. ఇవి మంచివాడికి అవమానం కావు. బ్యాంకులో నగదు లెక్కించే గుమాస్తా ఎదుట మరొకరు కూర్చోవడం అతణ్ణి దొంగ అనడం కానట్టే ఇదీనూ.

ఈ జాగ్రత్తలు ఊహాజనితమైన భయాల నుంచి రాలేదు. 2002లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, సేవ్ ద చిల్డ్రన్ కలిసి గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శిబిరాల గురించి ఇచ్చిన నివేదిక, ఆహారమూ టార్పాలిన్లూ పంచే చేతులే వాటికి బదులుగా బాలికలను లైంగికంగా వాడుకొన్నాయన్న ఆరోపణలను 40కి పైగా సంస్థల సిబ్బంది మీద నమోదు చేసింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి జారీచేసిన ఉత్తర్వు, స్థానిక చట్టం ఏమి చెప్పినా 18 ఏళ్లలోపు వారితో సిబ్బందికి లైంగిక సంబంధాన్ని నిషేధించి, వయసు తెలియదన్న సాకును కూడా తోసిపుచ్చింది. మన దేశంలో బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతి గృహం ఉదంతం 2018లో వెలుగుచూసింది. అంతకుముందు అక్కడికి అధికారుల రాకపోకలు లేకపోలేదు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం పిల్లలతో విడిగా కూర్చొని మాట్లాడినప్పుడే నిజం మాటల్లోకి వచ్చింది. రిజిస్టర్లు చూసిన కళ్లకు దొరకనిది, పిల్లలను విన్న చెవులకు దొరికింది.

భారతీయ చట్టం ఈ పాఠాన్ని కొంతవరకు తనలోకి తీసుకొంది. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే చట్టం, పిల్లలకు సేవలందించే సంస్థ యజమాని గాని సిబ్బంది గాని చేసిన నేరాన్ని తీవ్రతరమైనదిగా లెక్కిస్తుంది. నేరం సంగతి తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలంటుంది. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు విధిస్తుంది. ‘సంస్థ పరువు’ అనే మాటకు ఈ చట్టంలో చోటులేదు. అంతకన్నా సూక్ష్మమైన ఏర్పాటు మరొకటుంది: తప్పుడు ఫిర్యాదు చేసిన పెద్దవారికి శిక్ష ఉన్నా, పిల్లలకు ఏ శిక్షా లేదు. వాసాల లెక్క తప్పినా పిల్లవాణ్ణి ఇంట్లోంచి వెళ్లగొట్టరాదన్నమాట.

చట్టంలోని తత్త్వం ఎంత చిన్న వస్తువులో ఇమిడిపోతుందో చూడాలంటే హాస్టల్ గోడకు తగిలించిన పెట్టె చాలు. రేకుతో చేసి, పైన సన్నని చీలిక కోసి, కింద తాళం వేసిన ఆ పెట్టె చాలాచోట్ల వార్డెన్ గది తలుపు పక్కనే, పెద్దవారి భుజమెత్తున ఉంటుంది; తాళంచెవి వార్డెన్ బల్ల సొరుగులో ఉంటుంది. అందులో చీటీ వేయాలంటే పిల్ల మునికాళ్ల మీద నిలబడి, ఎవరి మీద చెప్పదలచిందో వారి కళ్లెదుటే చేయి ఎత్తాలి. పెట్టె ఖాళీగా ఉండడం ఫిర్యాదులు లేవనడానికి సాక్ష్యంగా నివేదికలోకి ఎక్కుతుంది. బాల న్యాయ చట్టం కింద 2016లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు ఈ పెట్టె ఎక్కడుండాలో కూడా చెప్పాయి: కార్యాలయానికి దూరంగా, పిల్లలు పడుకొనే గదులకు దగ్గరగా; తాళంచెవి యాజమాన్య సంఘం అధ్యక్షుడి దగ్గర; వారానికొకసారి తెరవడం, అదీ పిల్లల కమిటీ ఎదుట. తాళంచెవి ఒక జేబులోంచి మరో జేబులోకి మారడం చిన్న సంగతిగా కనిపించవచ్చు గాని, దాతను ధర్మకర్తగా మార్చే పని అక్కడే జరుగుతుంది.

దీనిమీద రెండు ఆక్షేపణలు తరచు వినిపిస్తాయి. మొదటిది, అనుమానం ప్రేమను చంపుతుందన్నది: ఏడుస్తున్న పిల్లను దగ్గరికి తీసుకోవడానికి కూడా నియమావళి తిరగేయవలసివస్తే సేవలో ప్రాణం ఏముంటుందని ఏళ్లతరబడి పల్లెల్లో పనిచేసినవారు బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. అయితే నియమం అడ్డుకొనేది దగ్గరితనాన్ని కాదు, దాపరికాన్ని. వరండాలో నలుగురి మధ్య పిల్ల కన్నీళ్లు తుడిచిన చేతికి ఏ నియమమూ అడ్డు రాదు. రెండోది మరింత బరువైనది: ఇన్ని షరతులు పెడితే చిన్న సంస్థలు హాస్టళ్లే మూసుకొంటాయనీ, అప్పుడు ఆ పిల్లలు తల్లిదండ్రుల వెంట బెంగళూరు కట్టడాల దగ్గర ఇటుకల మధ్యకో, ఈడు రాకముందే పెళ్లిపీటల మీదకో చేరతారనీ. కరువునేల మీద ఇవ్వడం మానుకోవడం భద్రత కాదన్నది సత్యం. మూసిన హాస్టల్ ఏ పిల్లనూ కాపాడదు. అయితే ఈ వాదం తిరగేస్తే, కూడు కావాలంటే కీడు భరించాలన్న చోటికి చేరుతుంది; ఆ బేరాన్ని ఏ తల్లీ తన బిడ్డ తరఫున తెలిసి ఒప్పుకోదు. షరతుల ఖర్చును పిల్లల అన్నంలోంచి కోయకుండా, అన్నంతోపాటే దాత చేత భరింపజేయడం ఒక్కటే ధర్మసమ్మతమైన దారి. చిల్లుగిన్నెలో పోయరాదన్న పాత సూత్రం ఇప్పుడు పోసేవాడి చెంబుకు కూడా వర్తిస్తుంది.

అనంతపురం పల్లెల్లో పాత మట్టిమిద్దెలు ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. దూలాల మీద, వాసాల మీద కప్పు పరచి, పైన చౌడుమన్ను దట్టంగా వేసి కట్టినవి. వాన తక్కువ నేలే అయినా, వచ్చే నాలుగు చినుకులకు కప్పు కరగకుండా ఏటా తొలకరికి ముందు ఇంటివారు చౌడు కొత్తగా ఎత్తిస్తారు. అదే పనిగా కింద నిలబడి, తల పైకెత్తి, ఏ వాసానికి చెద పట్టిందో, ఏది వంగిందో ఒక్కొక్కటిగా చూస్తారు. ఆ ఇంట పుట్టిన పిల్లవాడు ‘నాయినా, అది విరిగేట్టుంది’ అని వేలు చూపితే ద్రోహమన్నవారు లేరు. ఆ రాత్రి అతని పక్కబట్టలు అక్కడి నుంచి జరుపుతారు, తెల్లవారి వాసం మారుస్తారు. ఇచ్చినవాడిని తండ్రి అని పిలిపించుకొన్న సంస్థ, ఆ పిలుపుకు తగ్గట్టు, తాను పెంచే పిల్లలకు అతిథి హోదా ఇచ్చిందా, ఇంటి బిడ్డ హోదా ఇచ్చిందా అన్నది ఈ ఒక్క పరీక్షలో తేలుతుంది. వాసాలు లెక్కపెడితే తప్పయ్యేది అతిథికి. ఇంటి బిడ్డకు అది తన తల మీది కప్పు.